శివారు ఊరి లెక్క

నిన్న పొద్దున మా మనవడు నిమ్మచెట్లకు కొట్టడానికి మైలుతుత్తం తెచ్చి, పెరట్లో మట్టితొట్టిలో నీళ్ళు పోసి కలిపాడు. నేను అరుగు మీద కూచుని చింతపండులో గింజలు తీస్తున్నాను. పలుకులు అడుక్కి దిగుతూ ఉంటే నీళ్ళలో నీలం దారాలు దారాలుగా సాగి, కాసేపటికి తొట్టంతా నెమలి మెడ రంగుకు తిరిగింది. దగ్గరికి వెళితే రాగి చెంబు నోటి దగ్గర పెట్టుకున్నప్పటి వాసన, నాలిక అంచుల మీద వగరు. చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. అవనిగడ్డలో మా పెరట్లో నిలుచున్నదాన్ని ఉన్నట్టుండి బందరులో మా పాత అద్దె ఇంటి వసారాలోకి వెళ్ళిపోయాను. అక్కడ మా అత్తగారి ఆవకాయ జాడీ, జాడీ నిండా ఇదే నీలం, దాని ముందు గొంతుక్కూచుని తీగలు మెలిపెడుతున్న రామభద్రయ్య మాస్టారు.

మాస్టారి మాటలు మా పిల్లలు వినీ వినీ విసిగిపోయారు. అందుకని ఆయన్ని చూడని మీకు చెబుతాను. నా చదువు మూడో తరగతితో ఆగింది. రాత వంకరపోతుంది గాని జ్ఞాపకం మాత్రం వంకరపోలేదు.

మా పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ దివిసీమలోనే, కాలవ చిట్టచివర. శివారు ఊళ్ళు అనేవారు. పైనున్న చేలన్నీ తాగాక ఏమన్నా మిగిలితే మాకు వచ్చేది. నేను కాపురానికి వచ్చేసరికి మా వారు బందరులో హైస్కూల్లో చదువుతున్నారు. చిలకలపూడి వైపు వెళ్ళే దారిలో ఒక ఇంట్లో సగం మేం అద్దెకుండేవాళ్ళం. కొడుక్కి వండిపెట్టడానికి మా అత్తగారు వచ్చి ఉన్నారు, ఆవిడకు సాయంగా నన్ను తెచ్చుకున్నారు. మా మావగారు ఊళ్ళో వ్యవసాయం చూసుకునేవారు. ఇంటి రెండో సగంలో రామభద్రయ్య మాస్టారు ఉండేవారు. ఆయనది గుడివాడ దగ్గర ఊరు. స్కూల్లో సైన్సు చెప్పేవారు. పొట్టిగా, బట్టతలతో, చొక్కా గుండీ ఒకటి ఎప్పుడూ తప్పుడు కంతలో పెట్టుకుని ఉండేవారు.

మా వారు అప్పటికే ఎస్సెల్సీ ఒకసారి తప్పారు. మిగతావన్నీ గట్టెక్కినా ఫిజిక్సు దగ్గర ములిగారు. క్లాసులో పిల్లలు "దివి దున్నపోతు" అని పేరు పెట్టారట. మా మావగారు వచ్చి, "ఈసారి కూడా తప్పితే పుస్తకాలు మూటగట్టి పడవెక్కు. చేలో పనికి తెలివి అక్కర్లేదు" అని చెప్పి వెళ్ళారు. చేలో పనంటే మా వారికి భయం లేదు, చిన్నప్పట్నుంచీ చేసిందే. కాని మొద్దని ముద్ర వేయించుకుని వెళ్ళి ఆ పని చెయ్యాలంటే ప్రాణం చచ్చిపోయింది ఆయనకి. అన్నం ముందు కూచుని మాట్లాడేవారు కాదు. ఇంకొంచెం వడ్డించనా అంటే, "మొద్దు బుర్రకు ఎంత పెడితే ఏం లాభం" అనేవారు. కొత్తగా కాపురానికి వచ్చిన నేను ఆ మాట వింటే గరిటె అలాగే పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆయన పాసవ్వాలని నేను మొక్కుకోలేదు. ఆ మాట ఆయన మానెయ్యాలని మొక్కుకున్నాను.

మాస్టారు సాయంత్రాలు మా వారినీ ఇంకో నలుగురైదుగురినీ వసారాలో కూచోబెట్టుకుని లెక్కలు చేయించేవారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవారు కాదు. ఆయనకొక పద్ధతి ఉండేది. ఆ రోజుల్లో పుస్తకాలన్నీ ఇంగ్లీషు. పిల్లలు లెక్కను చిలకల్లా అప్పజెప్పి, అంకెలు తీసుకెళ్ళి సూత్రంలో కుక్కేసేవారు. మాస్టారు సుద్దముక్క గుప్పిట్లో దాచుకుని, "ముందు తెలుగులో చెప్పు. ఇంగ్లీషు రానివాళ్ళకి చెప్పు. వాళ్ళకి అర్థమైందంటే అప్పుడు సుద్దముక్క ఇస్తాను" అనేవారు. మొదటిరోజు అలా అన్నాక చుట్టూ చూశారు. ఇంగ్లీషు రానివాళ్ళు ఇంట్లో ఇద్దరమే, మా అత్తగారూ నేనూ.

"అమ్మగారూ, మీ కోడల్ని తలుపు దగ్గర కూచోమనండి. కొంచెం విని పెట్టాలి" అన్నారు మాస్టారు.

"వినడానికేం, చెవులున్నాయి. జవాబు మాత్రం చెప్పదు, కొత్త పిల్ల" అన్నారు మా అత్తగారు.

"అర్థమైతే గాజులు చప్పుడు చెయ్యమనండి. కాకపోతే ఊరుకోమనండి."

అలా మొదలైంది. నేను తలుపు వెనక బియ్యం చేట పెట్టుకుని కూచునేదాన్ని. మొదటివాడు ఏదో చెప్పాడు. నేను ఊరుకున్నాను. రెండోవాడు చెప్పాడు. ఊరుకున్నాను. "చూశార్రా, ఎవరికీ లెక్క రాదు" అన్నారు మాస్టారు సంతోషంగా. తప్పు చేసినప్పుడు ఆయన తిట్టగా నేను వినలేదు. "ఇది ఏ ఊరి తప్పురా?" అని అడిగేవారు. ఏ తప్పూ ఊరికే పుట్టదనీ, దానికో ఇల్లూ వాకిలీ ఉంటాయనీ, ఆ ఇల్లు వెతికి పట్టుకుంటే తప్పు దానంతటదే దిగిపోతుందనీ ఆయన నమ్మకం.

ఒకరోజు గిరగిరా తిరిగే వస్తువుల లెక్కలు. తాడుకు రాయి కట్టి తిప్పుతూ ఉంటే తాడు తెగింది, రాయి ఎటు పోతుంది? పిల్లలంతా ఒక్క గొంతుతో బయటికి అన్నారు. తిప్పే చేతి నుంచి దూరంగా, ఎదురుగా. నాకూ అదే నిజమనిపించి గాజులు గలగలలాడించాను. మాస్టారు లేచి పెరట్లోకి నడిచారు. మా అత్తగారి పుట్టింటి ఇత్తడి చెంబు బావి గట్టు మీద ఉంది. దానికి చేంతాడు ముక్క కట్టి, సగం నీళ్ళు పోసి పైకీ కిందకీ సున్నా చుట్టినట్టు తిప్పారు. చెంబు నెత్తిమీద బోర్లా పడ్డప్పుడు కూడా చుక్క కిందపడలేదు. అందరం నోళ్ళు తెరిచాం. ఆ సంబరంలో నీళ్ళు పారబోసి, ఈసారి చెంబును తల చుట్టూ అడ్డంగా తిప్పడం మొదలుపెట్టారు. ముడి ఊడింది. చెంబు గోడ దాటి పక్కింటి పెరట్లోకి పోయింది. అవతల గుమ్మడి వడియాలు ఎండబెట్టుకుంటున్న ముసలమ్మ కెవ్వుమంది.

"నా పుట్టింటి చెంబు!" అని మా అత్తగారు అరిచారు.

"చెంబు తరవాత తెస్తానండీ. ఒరేయ్, ముందు చెప్పండి, ముడి ఊడినప్పుడు చెంబు ఏ వైపుంది?"

"బావి వైపండి" అన్నారు మా వారు.

"మరి మీ లెక్క ప్రకారం బావి మీదుగా అటే పోవాలిగా? పక్కింటికెందుకు పోయింది?"

మా అత్తగారే అందుకున్నారు. "మాస్టారూ, బండి మలుపు తిరిగినప్పుడల్లా నేను బయటికే పడబోతాను. రాయి కూడా అంతే అనుకోరూ పిల్లలు?"

"అదీ! దొరికింది ఊరు" అని మాస్టారు చేతులు జోడించారు. "మీరు బయటికి పడటం లేదండీ. మీరు తిన్నగానే వెళ్తున్నారు. బండే మీ కిందనుంచి పక్కకి తిరుగుతోంది. చెంబూ అంతే. తాడు పట్టుకున్నంతసేపే తిరిగింది. తాడు వదలగానే ఆ క్షణాన ఎటు వెళ్తోందో అటే తిన్నగా పోయింది."

"నేనెప్పుడూ తిన్నగానే వెళ్తాను నాయనా. ఆ మాట మీ శిష్యుడితో చెప్పండి, వినడు" అన్నారు మా అత్తగారు. చెంబు సొట్టపడి తిరిగొచ్చింది. ముసలమ్మకు మాస్టారే వెళ్ళి క్షమాపణ చెప్పుకుని, వడియాలు తిరిగి వరసగా పెట్టి వచ్చారు. ఆనాటి నుంచి ఆ రకం లెక్కల్లో మా వారు తడుముకోలేదు.

కరెంటు లెక్కలు మాత్రం ఎంతకీ పట్టు చిక్కలేదు. అంతకుముందు పరీక్ష తప్పిందీ వాటి దగ్గరే. మాస్టారు వాటికి ఎప్పుడూ కాలవ పోలికే చెప్పేవారు. కరెంటంటే కాలవలో నీళ్ళు, తీగె అంటే కాలవ, సన్న తీగె అంటే ఇరుకు కాలవ, ఇలా. పిల్లలు తలలూపేవారు. మా వారూ ఊపేవారు. తీరా లెక్క ఇస్తే జవాబు తప్పు. మాస్టారు మళ్ళీ కాలవ దగ్గర్నుంచి మొదలుపెట్టేవారు. మళ్ళీ అదే తప్పు. ఆఖరికి ఒక సాయంత్రం, మిగతా పిల్లలు ఇంకా రాకముందు, "ఒరే, ఇవాళ నువ్వు నాకు చెప్పకు. అమ్మాయికి చెప్పు" అన్నారు.

మా వారు తలుపు వైపు తిరిగి, గోడను చూస్తూ చెప్పారు. బ్యాటరీ ఒకటుంది, దాన్నించి కరెంటు బయల్దేరుతుంది, దారిలో ఒక తీగె చుట్ట, అది దాటాక ఇంకో తీగె చుట్ట, మళ్ళీ బ్యాటరీలోకి. రెండో చుట్టలో కరెంటు ఎంత, అదీ లెక్క.

నాకు లెక్క బాగా అర్థమైంది. గాజులతో చెప్పలేని సందేహం ఒకటి నోటిదాకా వచ్చింది. అత్తగారు వంటింట్లో ఉన్నారు. తలుపు చాటునుంచే అడిగేశాను. "మొదటిది తాగాక రెండోదానికి ఎంత మిగులుతుందో ఎట్లా తెలుస్తుంది?"

"అదే కదా లెక్కంతా!" అన్నారు మా వారు గభాల్న నావైపు తిరిగి. పెళ్ళయ్యాక నా మాట విని ఆయన మొహం అంతగా విప్పారడం అదే మొదలు.

మాస్టారు సుద్దముక్క కింద పెట్టేశారు. కాసేపు ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశారు. "మిగలడమేమిటి? ఇది ఏ ఊరి తప్పు?" అని మెల్లిగా అడిగారు.

"మా ఊరిదేనండి. కాలవ నీళ్ళు పైవాళ్ళు తాగాకే కదండీ మాకొచ్చేది?" అన్నాను.

ఆయన లేచి వసారా ఈ కొసనుంచి ఆ కొసకు నడిచారు. ఏమైనా తప్పుగా వాగానేమో, అత్తగారికి తెలిస్తే ఏమంటారో అని నేను వంటింటి వైపు చూశాను. మాస్టారు వెనక్కొచ్చి మా వారి ముందు చతికిలబడ్డారు.

"మా ఊరు కాలవ మొదట్లో ఉంది నాయనా. మా గుమ్మం ముందు నీళ్ళెప్పుడూ నిండుగానే పారేవి. మా ముందున్నవాళ్ళు తాగడం, మాకు తగ్గడం నేనెన్నడూ చూళ్ళేదు. కాలవ అనగానే నాకు తగ్గని నీళ్ళు కనబడతాయి, మీకు తరిగిపోయే నీళ్ళు కనబడతాయి. ఇన్నేళ్ళనుంచీ దివి పిల్లలంతా ఈ లెక్క ఎందుకు తప్పుతున్నారా అనుకుంటున్నాను. తప్పు మీది కాదురా, నా పోలికది. నువ్వు నేను చెప్పిన కాలవనే బుద్ధిగా నమ్మావు, అంతే."

మా వారు తల ఎత్తలేదు. కండువాతో మొహం తుడుచుకుంటున్నట్టు చాలాసేపు తుడుచుకున్నారు.

మర్నాడే జాడీల వ్యవహారం వచ్చింది. కరెంటు తాగితే తగ్గేది కాదని కళ్ళకు చూపిస్తానని మాస్టారు బయల్దేరారు. స్కూలు సామాను ఇంటికి తేవడం కుదరదు. మా అత్తగారి దగ్గర ఆవకాయ జాడీలు అడిగారు. ఖాళీవే కదా అని ఆవిడ ఇచ్చారు. తీరా చూస్తే వాటిలో మైలుతుత్తం నీళ్ళు పోసి, రాగి రేకు దించి, మధ్యలో కాల్చిన మట్టి ముంతలు పెట్టి, వాటిలో ఉప్పునీళ్ళు, జింకు కడ్డీలు. అదే ఆయన చేసిన బ్యాటరీ.

"అయ్యో అయ్యో, నా జాడీలో విషం పోశారా మాస్టారూ! ఇంకందులో ఆవకాయేం పెట్టను?"

"కొత్తవి కొనిస్తానండీ."

"కొత్తవాటికి ఆ పదును ఎక్కడినుంచి వస్తుంది? పదేళ్ళు నూనె తాగిన జాడీలవి!"

తీగెలు కలిపారు. ఉత్తరం చూపించే సూదికి తీగె చుట్టి మొదటి చుట్టకు ముందు పెట్టారు, సూది తిరిగింది. తీగెలో కరెంటు ఎంతుంటే సూది అంత తిరుగుతుందట. రెండు చుట్టల మధ్య పెట్టారు, అంతే తిరిగింది. రెండూ దాటాక పెట్టారు, అంతే. మా వారు మోకాళ్ళ మీద వంగి, ఊపిరి తగిలితే సూది కదులుతుందేమోనని ముక్కు మూసుకుని చూశారు. మాస్టారు వెళ్ళాక నాతో, "సూది ఒప్పుకుంది. నా మనసు ఒప్పుకోవడం లేదు" అన్నారు. అప్పుడు కూడా అన్నం సరిగ్గా తినలేదు గాని, మొద్దు బుర్ర అనే మాట మాత్రం ఆ పూట అనలేదు.

ఆ తరవాత గుడివాడలో మా మేనమామ మనవడి బారసాలకి వెళ్ళాం. మేనమామ అక్కడ బియ్యం మిల్లులో మేస్త్రీ. భోజనాలయ్యాక మగవాళ్ళంతా చాపల మీద వాలితే మా వారు కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా మిల్లు గుమ్మంలో దొరికారు. తలనిండా తవుడు, కనుబొమలమీద తవుడు. ఇంజను చక్రం నుంచి మర చక్రానికి తిరుగుతున్న తోలు పట్టావైపు చూస్తూ నిలబడిపోయారు. పిలిస్తే పలకలేదు. మా మేనమామ, "మీ ఆయనకి దయ్యం గాని పట్టిందా ఏవిటే?" అన్నాడు.

తిరుగు రైల్లో నాకు చెప్పారు. ఎవరూ చెప్పమనలేదు. ఎదురుగా అంతమంది కూచున్నారన్న సిగ్గు కూడా లేకుండా చెప్పారు. "ఆ పట్టా చూశావా? మరలోకి ఎంత జోరుగా పోతోందో అంతే జోరుగా బయటికి వస్తోంది. మర దాన్ని తినెయ్యదు. మరలో ధాన్యం ఎక్కువ పోస్తే, మర దాటిన ముక్కే కాదు, మొత్తం పట్టా నెమ్మదిస్తుంది, ఇంజను దగ్గర కూడా. పట్టా తగ్గదు. దాన్ని తిప్పడానికి పడ్డ శ్రమ ఖర్చవుతుంది, అంతే. కరెంటు కాలవ కాదే, పట్టా!"

నేను గాజులు చప్పుడు చేశాను. ఎదురుగా కూచున్న పెద్దాయన ఎవరో మమ్మల్నిద్దర్నీ వింతగా చూశాడు.

స్టేషన్లో దిగి ఇంటికి నడవలేదు మా వారు, పరుగెత్తారు. నేనూ అత్తగారూ మూటలు మోసుకుని వచ్చేసరికి వసారాలో మాస్టారు సుద్దముక్క మా వారి చేతికిచ్చేసి, ఆయనే కింద కూచుని వింటున్నారు. విన్నాక, "ఇకమీద నేను కాలవ మాట ఎత్తను. ఈ పట్టా నాకివ్వు, రేపు క్లాసులో నీ పేరు చెప్పే వాడుకుంటాను" అన్నారు. అన్నట్టే వాడుకున్నారు. ఆయన క్లాసులో చెప్పిన మర్నాటినుంచి దున్నపోతన్న మాట ఎవరి నోటా రాలేదట.

పరీక్ష అయింది. ఫలితాల వేళకు మా మావగారు ఊరినుంచి వచ్చి కూచున్నారు, తప్పితే వెంటబెట్టుకుని పోదామని. మా వారు స్కూలునుంచి వచ్చి చెప్పులు విడవకుండానే, "పాసండి" అని తండ్రికి కాకుండా మాస్టారికి చెప్పారు. మార్కులు గొప్పవేం కావు. ఫిజిక్సులో మాత్రం మంచివి వచ్చాయి.

"మొత్తానికి మావాణ్ణి గట్టెక్కించారు" అన్నారు మావగారు దణ్ణం పెడుతూ.

"నేను ఎక్కించలేదండీ, వాడే నడిచాడు. నేను పెట్టిన అడ్డం ఒకటి నాకే కనబడలేదు, మీ కోడలు నోరు విప్పి అడగబట్టి కనబడింది."

"మా కోడలా? మీతో ఫిజిక్సు మాట్లాడిందా?" అని మావగారు తలుపు వైపు చూశారు.

"మాట్లాడుతుంది, ఎందుకు మాట్లాడదు? నేనూ మాట్లాడతాను. బండి మలుపు తిరిగితే మీరెటు పడతారో చెప్పండి చూద్దాం" అన్నారు మా అత్తగారు. మావగారు చెప్పలేక నవ్వేశారు. ఆ పూట మా వారు రెండుసార్లు మారడిగి తిన్నారు.

తరవాత మా వారికి కరెంటాఫీసులో ఉద్యోగమైంది. మాస్టారికి వేరే ఊరు బదిలీ అయింది. వెళ్ళేటప్పుడు మా అత్తగారికి కొత్త జాడీలు కొనిచ్చి మరీ వెళ్ళారు. కొన్నాళ్ళు కబురులు తెలిసేవి, ఆ తరవాత అవీ లేవు. ఆయనకు చివరి నమస్కారం చేసుకునే భాగ్యం మాకు కలగలేదు.

నాకు ఫిజిక్సు రాలేదు. సూత్రాలేవీ నేను నేర్చుకోలేదు. నాకు వచ్చింది వేరే. చాలా ఏళ్ళ తరవాత మా వారికి గుండె జబ్బు చేసి బందరు ఆస్పత్రిలో ఉంటే, కుర్ర డాక్టరుగారు వచ్చి మా పెద్దబ్బాయితో ఇంగ్లీషులో గబగబా చెప్పి వెళ్ళబోయారు. మావాడు తల ఊపాడు.

"నాకు చెప్పండి బాబూ" అన్నాను.

"అబ్బాయిగారికి చెప్పాను కదమ్మా."

"వాడు తల ఊపాడు, నేనూ చూశాను. ఇంటికెళ్ళాక మందిచ్చేదీ పత్యం పెట్టేదీ నేను. నాకు తెలుగులో చెప్పండి. అర్థం కాకపోతే కాలేదని చెబుతాను, నాకేం నామోషీ లేదు."

మావాడు సిగ్గుపడి నా చెయ్యి పట్టుకుని లాగాడు. డాక్టరుగారు గడియారం చూసుకున్నారు. నన్ను చూశారు. ఏమనుకున్నారో, మంచం కింది స్టూలు ముందుకు లాక్కుని కూచున్నారు. "సరే అమ్మా. ముందు మీరు చెప్పండి. గుండె ఏం పని చేస్తుందని మీరనుకుంటున్నారు?"

నాకు తోచింది గట్టిగానే చెప్పాను. అది తప్పు. ఆయన నవ్వలేదు. ఆ తప్పు దగ్గర్నుంచే మెల్లిగా మొదలుపెట్టారు. మంచం మీద మా వారు కళ్ళు తెరవకుండానే వింటున్నారు.